కోర్టు లేచేదాకా

మెస్సుకు వచ్చేవాళ్ళెవరూ వంటింటి గడప దాటకూడదు. సులోచన పెట్టిన రూలు అదొక్కటే. అశోక్‌నగర్ గల్లీలోని ఆ కిరాయి ఇంట్లో ముందుగదీ వరండా హాస్టల్ పిల్లలకు వదిలేసింది. వాళ్ళు అక్కడే తింటారు, అక్కడే పేపర్లు చదువుతారు, అక్కడే నోటిఫికేషన్ల గురించి గొంతులు పోయేలా వాదించుకుంటారు. వంటిల్లు మాత్రం ఆమెది. అలాంటిది ఆ సోమవారం పొద్దున జగదీశ్వర్ చెప్పులు విప్పి నేరుగా లోపలికొచ్చి, గంజి వారుస్తున్న ఆమె పక్కన నిలబడ్డాడు.

"అక్కా, ఇయ్యాల ఒక్కపూట నువ్వు నాకు పెద్దమ్మవు కావాలె" అన్నాడు.

సులోచన వంచిన బగోనె మీదినుంచి చూపు తిప్పలేదు. తిప్పితే చేతులు కాలుతాయి. "రాత్రి నిద్రపోలేదా ఏంది? అక్క అక్కనే ఉంటది గని పెద్దమ్మ ఎట్లయితది?" అంది. తనను ఆంటీ అని పిలిచినవాడికి పెరుగు పలచగా పడుతుందని చుట్టుపక్కల హాస్టళ్ళన్నిటికీ తెలుసు. పెద్దమ్మ అన్నవాడికి ఏమవుతుందో ఇప్పటిదాకా ఎవరూ పరీక్షించి చూడలేదు.

ఆ హాస్యానికి జగదీశ్వర్ నవ్వలేదు. ముఖం కడుక్కున్నట్టు లేదు. చొక్కా శనివారం నాటిదే. గంజి పూర్తిగా దిగేదాకా ఆగి, బగోనె కింద పెట్టి, ఆమె అప్పుడు అతనివైపు తిరిగింది.

సంగతి అతను నేల చూస్తూ చెప్పాడు. ఎస్సై సెలక్షన్ లిస్టులో పేరు వచ్చిందని రూమ్మేట్లు పార్టీ అడిగారు. శనివారం బర్కత్‌పురాలో ఒక దోస్తు రూములో కూర్చున్నారు. ఎప్పుడూ ముట్టనివాడు, నలుగురూ పట్టుబడితే ఒక బీరు తాగాడు. బండి రూమ్మేటు రామచంద్రానిది. తిరిగివచ్చేటప్పుడు రామచంద్రం నిలబడే స్థితిలో లేడు కాబట్టి, తనే తక్కువ తాగాడు కదా అని బండి తీశాడు. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద పోలీసులు ఆపి పైపు ఊదించారు. ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువే చూపించింది. బండి గుంజుకుని కాగితం చేతిలో పెట్టారు. ఈరోజు కౌన్సెలింగ్. ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకుని రావాలి. ఆ తర్వాత కోర్టు.

"మీ నాయినకు చెప్పినవా?"

"ఎట్ల చెప్పాలె అక్కా? ఊర్ల అందరికి చెప్పుకున్నడు, కొడుకు ఎస్సై అయిండని. నిన్ననే ఫోన్‌ల మా అమ్మ అంటున్నది, బజార్ల నడుస్తుంటే నాయినను పిలిచి మరీ కూసోబెడుతున్నరట."

సులోచనకు అతని తండ్రి బాలప్ప గొంతు గుర్తొచ్చింది. నారాయణపేట దగ్గరి పల్లె నుంచి నెలకొకసారి ఫోన్ చేసి, 'తల్లీ, పిల్లగాడు తింటున్నడా' అని అడిగే గొంతు. లిస్టు వచ్చినరోజు ఆ మనిషి మాట్లాడలేకపోయాడు. ఊపిరి మాత్రం వినిపించింది. ఆ ఊపిరి విని ఆమె కూడా ఏడ్చింది. నాలుగేళ్ళుగా ఆమె చేతి అన్నం తిని, చిక్కడపల్లి లైబ్రరీలో బల్లకు అతుక్కుపోయి, రెండుసార్లు పోగొట్టుకుని మూడోసారి కొట్టిన కుర్రాడు. ఇప్పుడు ఎవడో పార్టీ అన్నందుకు ఇలా నిలబడ్డాడు. కోపమొచ్చింది, దానికంటే ఎక్కువగా భయమేసింది.

హాల్లో పేపరు చదువుతున్న భర్త ఇంద్రసేన అంతా విన్నాడు. నారాయణగూడలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసే ఆ మనిషి ముప్పై ఏళ్ళుగా ఒకటే మాట అంటున్నాడు. ఇప్పుడూ అదే అన్నాడు. "మనకెందుకు?"

"మన మెస్సులదే గదా వాడు తినేది" అని సులోచన చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది.

గోషామహల్‌లో కౌన్సెలింగ్ హాలు పెళ్ళివాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన ఫంక్షన్ హాల్లా ఉంది. ఒక పక్క మగవాళ్ళు, వాళ్ళ పక్కన వాళ్ళ ఆడవాళ్ళు. తాగినవాళ్ళు దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు, తాగనివాళ్ళు తలలు దించుకున్నారు. మెడలో కంపెనీ బిళ్ళ వేసుకున్న ఒకతను ఫోన్‌లో ఆట ఆడుతుంటే, అతని తల్లి కొంగుతో ముఖం సగం కప్పుకుంది. ఇదేం న్యాయమో సులోచనకు అర్థం కాలేదు. శిక్ష ఎవరికి వేస్తున్నారో రాసుకునే పోలీసుకైనా తెలుసా అనుకుంది. రిజిస్టరులో 'పెద్దమ్మ' అని రాయించుకుని ఆమె కూడా ఒక కుర్చీలో కూర్చుంది.

లైట్లు ఆర్పి వీడియో వేశారు. రోడ్డు మీద పడిన హెల్మెట్టు, తెల్లగుడ్డ కప్పిన మనిషి, ఆసుపత్రి గోడకు కొట్టుకుని ఏడుస్తున్న ఒక పిల్ల. సులోచన చూడలేక జగదీశ్వర్ ముఖం చూసింది. అతను కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాడు. నిజంగా సిగ్గుపడుతున్నవాడు ఆ హాలు మొత్తంలో అతనొక్కడే అని ఆమెకు అనిపించింది. ఆ మాట లోపల దాచుకుని ఉంటే సరిపోయేది.

వీడియో అయ్యాక ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కరినీ లేపి అడుగుతున్నాడు. జగదీశ్వర్ వంతు వచ్చింది. "ఏం చేస్తుంటవ్?"

"చదువుకుంటున్న సార్."

"చదువుకునేటోడివి తాగుడేంది? మీ అమ్మా ఈమె?"

సులోచన లేచి నిలబడింది. "పెద్దమ్మను సార్. మా పిల్లగాడు అసుంటోడు కాదు. చాయ్ కూడ తాగడు. మొన్ననే ఎస్సై సెలెక్టయిండు. ఆ సంబరంల ఎవడో పోసిండు."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఇన్‌స్పెక్టరు మైకు దగ్గరికి లాక్కుని, "చూసిన్రా, రేపు మా పక్కన నిలబడి మిమ్మల్ని పట్టుకునేటోడు ఇయ్యాల మీ పక్కన కూసున్నడు" అన్నాడు. అందరూ నవ్వారు. ముఖం కప్పుకున్న తల్లి కూడా కొంగు తీసి చూసింది. జగదీశ్వర్ చెవులు ఎర్రగా కందిపోయాయి. అతను చివరిదాకా అలాగే నిలబడ్డాడు, కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

తిరుగు బస్సు లోయర్ ట్యాంక్‌బండ్ మీద ఆగిపోయింది. ఏదో ర్యాలీ. తెలంగాణ ప్రకటన వచ్చి నెల కూడా కాలేదు, రోజూ ఎక్కడో అక్కడ డప్పులు మోగుతూనే ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని జగదీశ్వర్ ఆ కుర్రవాళ్ళను చూస్తున్నాడు.

"వాళ్ళల్ల సగంమంది మీద కేసులున్నయి" అన్నాడు. "ఉద్యమం కేసులైతే ఎత్తేస్తరంటున్నరు. నాది ఎవరు ఎత్తేస్తరక్కా?"

"నీదేమంత పెద్దది? కోర్టుకు పోయి ఒక దండం పెడితే అయిపోతది."

అతను ఆమెకు నొప్పి కలగకూడదన్నట్టు నెమ్మదిగా అన్నాడు. "కోర్టుల మాత్రం నౌకరి సంగతి ఎత్తకు అక్కా. ఆడ గట్ల చెప్తే ఇంక పెద్దగ చేస్తరు."

సులోచన సరేనంది. నోరు జారానని ఆమెకూ తెలుసు. ఇకమీదట పెదవులు కుట్టుకోవాలని బస్సు దిగేలోపు గట్టిగా అనుకుంది.

గురువారం కోర్టు. పక్కింటి వేదవతిని బతిమిలాడి మధ్యాహ్నం వంట ఒప్పగించింది. పప్పు చిక్కగా ఉండాలి, పచ్చిపులుసులో బెల్లం వేయొద్దు, అడిగినవాడికి అన్నం రెండోసారి వెయ్యాలి అని మూడుసార్లు చెప్పింది. ఒక డబ్బాలో పెరుగన్నం, మామిడికాయ తొక్కు పెట్టుకుంది. రామచంద్రం కూడా వస్తానన్నాడు. తన బండి, తన బలవంతం, తన మత్తు, కానీ కాగితం మీద పేరు జగదీశ్వర్‌ది. ఆ కుర్రాడి ముఖం చూస్తే సులోచనకు తిట్టబుద్ధి కాలేదు. 'నువ్వు చదువుకో పో' అని పంపేసింది.

కోర్టు వరండాలో జనం గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు. సిగ్నల్ దాటినవాళ్ళు, లైసెన్సు లేనివాళ్ళు, ముగ్గురెక్కినవాళ్ళు, తాగినవాళ్ళు అందరూ ఒకే గుంపు. నల్లకోటు వేసుకున్న ఒకాయన వచ్చి, "వకాలత్ పెట్టమంటరా అమ్మా, వాయిదా తీసుకుందాం" అన్నాడు. జగదీశ్వర్ ఆయనవైపు చూశాడు. సులోచన అతని మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"అక్కా, జర ఆలోచిద్దాం" అన్నాడు జగదీశ్వర్. "ఒప్పుకుంటే శిక్ష పడ్డట్టే లెక్క. రేపు వెరిఫికేషన్‌ల అడుగుతరు. ఒప్పుకోకుంటే కేసు నడుస్తది, కొట్లాడొచ్చు."

"ఏమని కొట్లాడుతవ్? తాగలేదని చెప్తవా?"

అతను నల్లకోటాయన వెళ్ళినవైపు మళ్ళీ చూశాడు.

"తాగినవు గదా బిడ్డా. తాగలేదని ఆడ నిలబడి చెప్తవా? ఎన్నేండ్లు తిరుగుతవు దీనెంబడి? ట్రైనింగ్‌కు పిలిచే టైముకు వాయిదా పడితే ఏం చేస్తవు? మా ఇంటాయినకు గూడ కేసయింది, నారాయణగూడ కాడ సిగ్నల్ దాటిండని. తప్పయింది సార్ అన్నడు, బయటికొచ్చిండు. మళ్ళ ఆ మాటనే లేదు. నిజం చెప్పు, కడుక్కో, బయటపడు."

జగదీశ్వర్‌కు రాజ్యాంగం కంఠతా వచ్చు. అరెస్టయినవాడికి ఏ హక్కులున్నాయో, ఎవరూ తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదని ఏ అధికరణంలో ఉందో, మెస్సులో చపాతీ తుంచుకుంటూ తోటివాళ్ళకు పాఠం చెప్పేవాడు. సులోచన ఆ పాఠాలు ఎన్నోసార్లు విన్నది. అతని గొంతులో ఆ ధీమా ఇప్పుడు లేదు. ఇంతలో కోర్టు కానిస్టేబుల్ బయటికొచ్చి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. చదివి, బడిలో పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. "మేడమ్ అడగంగనే తప్పయింది మేడమ్ అనున్రి. కథలు చెప్పొద్దు. మీ ఎన్క ఇంకా చానామంది ఉన్నరు."

లోపల ఆ మాటే నడుస్తోంది. పేరు, తప్పయింది మేడమ్, జరిమానా. పేరు, తప్పయింది మేడమ్, జరిమానా. ఎవరూ ఒక్క క్షణం కూడా ఆగడం లేదు. మేజిస్ట్రేటుకు అలసిపోయిన ముఖం, మెత్తని గొంతు. ఆమె తల ఎత్తి చూసేది కూడా కొందరినే. జగదీశ్వర్ పేరు పిలిచారు. అతను బోనులోకి వెళ్ళి నిలబడ్డాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి సులోచనను చూశాడు. ఆమె తల ఊపింది, ధైర్యంగా చెప్పు అన్నట్టు.

"మద్యం తాగి వాహనం నడిపారని అభియోగం. ఒప్పుకుంటున్నారా?"

అతని నోట మాట వెంటనే రాలేదు. వెనకున్నవాడు దగ్గాడు. కానిస్టేబుల్ చేత్తో కానీ అన్నట్టు సైగ చేశాడు.

"తప్పయింది మేడమ్" అన్నాడు జగదీశ్వర్.

"జరిమానా, కోర్టు లేచేవరకు సాధారణ ఖైదు" అంది మేజిస్ట్రేటు, అప్పటికే తర్వాతి కాగితం తీస్తూ.

ఖైదు అన్న మాట చెవినపడగానే సులోచన గుంపును పక్కకు నెట్టింది. ఎవరూ రమ్మనకపోయినా ముందుకు నడిచింది. కానిస్టేబుల్ అడ్డం వచ్చి, "పరేషాన్ కాకు అమ్మా. జైలు కాదు. మేడమ్ బెంచి దిగేదాకా ఈ హాలులనే కూసోవాలె, గంతే. నీ కొడుకు లక్కీ" అన్నాడు. అతను కొడుకు అన్నందుకు ఆమె దిద్దలేదు.

వెనక బెంచీ మీద జగదీశ్వర్ కూర్చున్నాడు. అతనితోపాటు మరో పదిమంది దాకా ఉన్నారు. సులోచనను వెళ్ళమన్నా వెళ్ళలేదు, గోడవారగా నిలబడింది. తర్వాత ఎవరో జాలిపడి స్టూలు చూపించారు. మధ్యాహ్నం విరామంలో డబ్బా మూత తీసి ఇచ్చింది. అతను తొక్కు నంజుకోకుండా పెరుగన్నం సగం తిని, మిగిలింది పక్కన కూర్చున్న ఆటో డ్రైవరుకు ఇచ్చాడు. ఆటో అతను వేళ్ళు నాకుతూ, "మీ అమ్మ చేతిల రుచి ఉంది తమ్మీ" అన్నాడు. ఆ పొద్దంతా జగదీశ్వర్ నవ్వింది అప్పుడొక్కసారే.

సాయంత్రం మేజిస్ట్రేటు లేచింది. హాలంతా లేచింది. ఆమె తలుపు వెనక్కి వెళ్ళిపోగానే శిక్ష అయిపోయింది. ఎవరూ తాళం తీయలేదు, ఎవరూ వెళ్ళమని చెప్పలేదు. అందరూ చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. పాఠం అయిపోయిన బడిలా ఉంది. ఇంత తేలికా అని సులోచనకు ఒళ్ళు తేలికపడింది. గేటు బయట చెరుకురసం బండి దగ్గర ఆపి అతనికి ఒక గ్లాసు ఇప్పించింది.

"పీడ పోయింది. ఇంతమందిల నువ్వొక్కడివే ఆగి, ఆలోచించి చెప్పినవు. నీ నిజం నీకు మంచే చేస్తది, చూస్తుండు."

జగదీశ్వర్ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "అందరు అన్నదే నేను గూడ అన్న అక్కా" అన్నాడు.

తర్వాతి రోజుల్లో సులోచన మెస్సులో పండగ వాతావరణం నడిచింది. ఇంకో ఇద్దరికి గ్రూప్స్ ఇంటర్వ్యూ పిలుపులు వచ్చాయి. జగదీశ్వర్ పోలీసు డిపార్టుమెంటుకు ఇవ్వాల్సిన కాగితాలు ఇచ్చి వచ్చాడు. రామచంద్రానికి బండి తిరిగొచ్చింది. వేదవతి కూర తరగడానికి కూర్చుంటే సులోచన ఆమెకు కోర్టు కథంతా చెప్పింది. రామచంద్రానికీ చెప్పింది. కూరగాయలకు చిక్కడపల్లి మార్కెట్టుకు పోయినప్పుడు, అడగకపోయినా, ఎరుగున్న కొత్తిమీర ఆమెకు కూడా చెప్పింది. పేర్లు లేకుండా, మా మెస్సుల ఒక పిల్లగాడు అని. కథ చివర ఎప్పుడూ ఒకటే మాట: అబద్ధం చెప్పి తప్పించుకునే దారి ఉన్నా వాడు పోలేదు.

ఆ రోజుల్లో జగదీశ్వర్ రెండుసార్లు వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏంది బిడ్డా?" అంటే, మొదటిసారి నీళ్ళు అడిగాడు. రెండోసారి, వేదవతి పక్కనే ఉంది, "ఏం లేదక్కా" అని వెళ్ళిపోయాడు. ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతున్నవాడికి బెంగ ఉంటుంది అనుకుంది సులోచన. నిజానికి బెంగ ఆమెకే ఉంది.

మంగళవారం మధ్యాహ్నం మెస్సు ఖాళీ అయ్యాక, బగోనెలు నానబెట్టి చేతులు తుడుచుకుంటుంటే తలుపు చప్పుడైంది. మఫ్టీలో ఉన్న ఒకతను, నడివయసు, చంకలో ఫైలు, నుదుటి మీద చెమట. జగదీశ్వర్ ఎస్సై సెలక్షన్ వెరిఫికేషన్‌కు స్పెషల్ బ్రాంచి నుంచి వచ్చానన్నాడు. సులోచన తలుపు బార్లా తీసింది. ఫ్యాను కింద కుర్చీ వేసింది. వద్దన్నా వినకుండా పళ్ళెంలో అన్నం పెట్టింది, పప్పు మీద ఇంట్లో కాచిన నెయ్యి వేసింది. అతను నిజంగానే ఆకలిమీద ఉన్నాడు. చుట్టుపక్కల ఇంకా చానామంది పిల్లల ఎంక్వైరీలున్నయమ్మా, పొద్దటిసంది తిరుగుతున్న, అని చెప్పుకుంటూ తిన్నాడు. మంచివాడు. తిన్నాక తన పళ్ళెం తనే కడగబోతే సులోచన లాక్కుంది.

"పిల్లగాడు ఎట్లాంటోడమ్మా?" అన్నాడు, ఫైలు మోకాలి మీద తెరిచి.

ఈ ప్రశ్న కోసమే నాలుగేళ్ళుగా అన్నం వండుతున్నట్టు ఆమె మొదలుపెట్టింది. ఎప్పుడు లేస్తాడో, ఎంత తింటాడో, లొల్లి వస్తే మధ్యలో నిలబడి ఎలా విడదీస్తాడో, వేరే పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా ఎలా కూర్చున్నాడో చెప్పింది. అతను తల ఊపుతూ, అప్పుడప్పుడూ ఒక ముక్క రాసుకుంటున్నాడు. అతనికి నచ్చుతోందని ఆమెకు తెలుస్తోంది. ఇంకా నచ్చాలి. ఇంకా ఏదైనా చెప్పాలి. కోర్టులో ఉద్యోగం మాట ఎత్తవద్దన్నాడు జగదీశ్వర్, ఆమె ఎత్తలేదు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళ దగ్గర కోర్టు మాట ఎత్తవద్దని అతను అనలేదు. పైగా వీళ్ళు పోలీసులే. వాళ్ళు పట్టుకున్నదే, వాళ్ళకు తెలియకుండా ఎలా ఉంటుంది?

"నిజాయితీ గురించైతే మీరు అడగాల్సిన పనే లేదు సార్" అంది. "మొన్న బండి కేసుల మీవోళ్ళు పట్టుకుంటే, వకీలు వచ్చి వాయిదా పెట్టుకుందమన్నా వినలే. మేడమ్ ముంగట నిలబడి తప్పయింది అని చెప్పిండు. కోర్టు లేచేదాకా కూసున్నడు. నేను పక్కనే ఉన్న. ఇసుంటోడే గదా సార్ పోలీసులకు కావాల్సింది?"

అతని పెన్ను ఆగింది.

"ఏం కేసమ్మా?"

"తాగిండని. ఒక్క బీరు సార్, అది గూడ దోస్తులు..." అంటూనే, అతని ముఖం మారడం చూసి ఆమె ఆగింది.

అతను ఫైలు వెనక్కి తిప్పాడు. ఒకచోట వేలు పెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు. పళ్ళెం ఉన్న చోటు వైపు చూస్తూ, "కేసులు, శిక్షలు ఏమన్న ఉన్నయా అని అడిగిన కాడ లేవు అని రాసిండమ్మా" అన్నాడు.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. సులోచనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అతని ఫైలు మీద చెయ్యి పెట్టింది. "నేను తప్పు చెప్పిన సార్. వేరే పిల్లగాడు. మా మెస్సుకు చానామంది వస్తరు, పేర్లు కలిసిపోయినయి" అంది. నలభై అయిదేళ్ళ వయసులో ఆమె ఇంత చేతకాని అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. అతను ఆమెవైపు జాలిగా చూశాడు.

"రాసుంటే గూడ అంత పెద్దగ అయ్యేది కాకుండె. బండి కేసే గదా, పైవోళ్ళు మాఫీ చేద్దురేమో. లేదని రాసుడే ఖరాబయింది. దాచిపెట్టినోన్ని తీసుకోరు."

"మీరు వినలేదనుకోండ్రి సార్. మీ కాళ్ళు మొక్కుత."

"నాకూ ఇద్దరు పిల్లలమ్మా" అన్నాడతను లేచి నిలబడి. "రేపు కోర్టు రికార్డుల ఇది బయటపడితే, ఆడికి పోయి ఏం ఎంక్వైరీ చేసినవని నన్ను నిలబెడతరు. మీరు చెప్పకుంటే నేను అడుగుతుండె గూడ కాదు." గడప దగ్గర చెప్పులేసుకుంటూ, ఏం అనాలో తెలియక, "అన్నం మంచిగుండె" అని వెళ్ళిపోయాడు.

సులోచన కుర్చీలో కూలబడింది. తన నాలుకను తనే కోసేసుకోవాలన్నంత కసి పుట్టింది. కోర్టులో ఒప్పుకోమన్నదీ తనే, ఒప్పుకున్నాడని చాటింపు వేసిందీ తనే. పగవాళ్ళు కూడా ఇంత వరసగా చేయలేరు. బగోనెలు నానుతూనే ఉన్నాయి. ఇంద్రసేన వచ్చి, సంగతి విని, మనకెందుకు అన్న మాట నోటిదాకా వచ్చినా మింగేసి, తనే స్టవ్ వెలిగించి చపాతీ పిండికి నీళ్ళు పెట్టాడు. పెళ్ళయిన తర్వాత అతను స్టవ్ దగ్గరికి రావడం అదే మొదలు.

రాత్రి భోజనాలకు జగదీశ్వర్ అందరికంటే ముందే వచ్చాడు. చాలా రోజుల తర్వాత తేటగా ఉన్నాడు. "అక్కా, హాస్టల్‌కు వచ్చిండట వెరిఫికేషనాయిన. వార్డెన్ మంచిగనే చెప్పిండట" అన్నాడు కూర్చుంటూ. ఆకలితో ఉన్నవాడికి చెడ్డ మాట చెప్పడం సులోచన ఇంటా వంటా లేదు. చపాతీలు వేసింది. గుడ్డు కూర వేసింది. అతను ఇంకో చపాతీ అడిగితే వేసింది, అన్నం కలుపుకుంటే పెరుగు వేసింది. చివరి ముద్ద దిగి, చెయ్యి కడుక్కుని వచ్చేదాకా ఆగి, వంటింట్లోకి పిలిచింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏడవకూడదనుకుంది గాని మధ్యలోనే ఏడ్చేసింది.

జగదీశ్వర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అరిస్తే బాగుండుననిపించింది ఆమెకు. ఎదుటివాడు తిడితే కొంతయినా దిగుతుంది. అతను తిట్టలేదు.

"రాస్తే పోతదని భయపడ్డ అక్కా" అన్నాడు.

"నాకొక్క మాట చెప్పొద్దా? ఒక్క మాట."

"చెప్దామనే వచ్చిన రెండుసార్లు. వచ్చినప్పుడల్ల నువ్వు ఎవరికో ఒకరికి చెప్తున్నవు, మావోడు అబద్ధమాడడని." అతను చేతి తడి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నీకెట్ల చెప్పాలె?"

ముందుగదిలో పిల్లలు నవ్వుకుంటున్నారు. ఎవరో పళ్ళాలు పేరుస్తున్నారు. జగదీశ్వర్ జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకోకుండా ఆమె చేతికిచ్చాడు.

"మా నాయినకు నువ్వే చెప్పు అక్కా. నాతోని కాదు."

అవతల రెండో మోతకే ఎత్తాడు బాలప్ప. ఆమె గొంతు గుర్తుపట్టి, ఆమె ఇంకా ఏమీ అనకముందే, గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టాడు. "సులోచనమ్మా, నీకే చేద్దామనుకుంటున్న. పొద్దున మా ఊరికి గూడ పోలీసాయన వచ్చిండు తల్లీ. పదిమంది ముంగట అడిగిండు, నీ కొడుకు ఎట్లాంటోడని. పుట్టినసంది అబద్ధం తెల్వదు సార్ అని చెప్పిన. రాసుకున్నడు. నా ఏలిముద్ర గూడ తీసుకున్నడు."

సులోచన వింది. వెనక ఎవరో ఆడమనిషి, జగదీశ్వర్ తల్లి కావచ్చు, నన్ను గూడ మాట్లాడనియ్యి అంటోంది. జగదీశ్వర్ అటు తిరిగి, నానబెట్టిన బగోనె ఒకటి తీసుకుని, పీచుతో అడుగు తోమడం మొదలుపెట్టాడు.

"బాలప్పన్నా" అంది సులోచన, "జర అందరికీ దూరంగ పోయి నిలబడు. ఒక మాట చెప్పాలె."